శ్రీశైల యాత్రామార్గములు: నల్లమల త్రోవ చరిత్రము

శ్రీశైల దేవస్థాన చరిత్రమును గూర్చి తెలుఁగున వ్రాయఁబడినది తక్కువ కాదు. ప్రాకారమేది, మండపమేది, గోపురమేది ఎవరెవరు గట్టించిరో శాసనసాక్ష్యముచే పండితులు నిర్ణయించియున్నారు. కాని యా కొండమీఁదికి జనులు చేరిన త్రోవల చరిత్రము విడిగా విచారింపఁబడుట యరుదు. కారణము స్పష్టము. శాసనములు త్రోవ ముగిసిన చోటనే యున్నవి; త్రోవ నడుమ లేవు. గుడి గట్టించిన ప్రభువు తన పేరును ఱాతిపైఁ జెక్కించెను. ఆ గుడికిఁ బోవు యాత్రికునకు అడవిలో దారి చూపిన చెంచువాఁడు చెక్కించుకొనలేదు. కాఁబట్టి త్రోవ చరిత్రమును వ్రాయఁదలఁచినవారు శాసనములతోఁబాటు యాత్రాగ్రంథములను, స్థలముల పేళ్లను, జనశ్రుతిని, నేలతీరును గూడ సాక్ష్యముగాఁ గొనవలసియున్నది.

నేఁడు హైదరాబాదునుండి మన్ననూరు మీఁదుగా మోటారుబండిలో బయలువెడలినవారు ఇంచుమించు 210 కిలోమీటర్లు గడచి, అయిదాఱు గంటలలో మల్లికార్జునుని సన్నిధిఁ జేరుచున్నారు. ఆంధ్రదేశపు యాత్రాచరిత్రములో ఈ సౌకర్యము మిక్కిలి క్రొత్తది. అంతకుఁ బూర్వము అనేక శతాబ్దములపాటు ఈ యాత్ర కాలినడకనో డోలీలలోనో జరిగినది.

నల్లమల కృష్ణకు దక్షిణమునుండి పెన్నవఱకు సాగిన పర్వతపంక్తి. కృష్ణకు ఉత్తరమున నున్న అమరాబాదు పీఠభూమియు దీనిలోని భాగమే. నడుమ నది లోతైన గండి త్రవ్వుకొని పాఱుటచే ఒక్కటే కొండ రెండై కనఁబడుచున్నది. ఈ కొండల శిరస్సులు తఱచుగా బల్లపఱుపుగా నుండును. ప్రక్కలు మాత్రము నిట్రముగా దిగును. వర్షజలము పైన నిలువక లోయలకు జాఱిపోవును. మద్ది, టేకు, ఇప్ప, వెదురు మొదలగు వృక్షములు వేసవిలో ఆకు రాల్చును. ఇట్టి యడవిలో బాటసారికి మొదటి భయము పులి కాదు, దప్పి. యాత్రాకాలములుగా శివరాత్రియు ఉగాదియు ఏర్పడుటకు శాస్త్రకారణములు వేఱుగా నుండవచ్చును గాని, దారి నడచువాని దృష్టితోఁ జూచినచో ఆ రెండు పర్వములును మిక్కిలి తగిన వేళలందే వచ్చుచున్నవి. వానకాలమున వాఁగులు దాఁటరావు. నడివేసవిని కొలఁకు లెండును. మాఘ ఫాల్గునములందు వాఁగులలో నీరు తగ్గి, కొలఁకులలో నీరు మిగిలి, ఆకులు రాలి కనుచూపు సాఁగుచుండును.

శ్రీశైలమునకు నాలుగు ప్రధానద్వారములు ప్రసిద్ధములు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున పెన్నయొడ్డున సిద్ధవటము, పశ్చిమమున తుంగభద్రాతీరమందలి యలంపురము, ఉత్తరమున అచ్చంపేటకుఁ జేరువ నున్న ఉమామహేశ్వరము. వీనిని పుణ్యక్షేత్రములుగా వర్ణించి విడుచుట పరిపాటి. పటము ముందిడుకొని చూచినచో వేఱొక విశేషము గోచరించును. ఈ నాలుగును కొండకు మిక్కిలి దవ్వున నున్నవి. ఒక్కటియు గుడి కనఁబడు చోట లేదు. ఇవి నాలుగును అడవి ముగిసి ఊళ్లు మొదలగు అంచులందో, ఆ యంచులకుఁ గొనిపోవు నదీతీరములందో వెలసినవి. అనఁగా ద్వారమనుమాటకు వాకిలి యని గాక, త్రోవ మొదలు అని యర్థము చెప్పుట సమంజసము. యాత్రికులు అచ్చట గుమిగూడి, తోడు చూచుకొని, బియ్యము పప్పు మూటగట్టుకొని, దారి నెఱిఁగినవానిని వెంటఁబెట్టుకొని అడవిఁ జొచ్చుచుండిరని యూహించుటకు నేలతీరే సాక్ష్యము. అలంపురము, త్రిపురాంతకము వంటి చోటుల శాసనములు విస్తారముగా దొరకుటకును ఇదియే యొక కారణము కావచ్చును. నలుదిక్కుల జనులు కూడినచోటనే దానములు ప్రకటింపఁదగును గదా.

ఈ ద్వారశబ్దము ఎంత ప్రాచీనమో చూపు ముఖ్యసాక్ష్యము ఆంధ్రదేశమున గాక కన్నడదేశమున దొరకినది. అది కదంబ శాంతివర్మ కాలమున, అనఁగా క్రీ.శ. 5వ శతాబ్దమున, కుబ్జకవి రచించిన తాళగుంద స్తంభశాసనము. అందు కదంబవంశ మూలపురుషుఁడగు మయూరశర్మ వృత్తాంతము గలదు. కాంచీపురమునకు వేదాధ్యయనార్థము పోయిన యీ బ్రాహ్మణుఁడు పల్లవుల ఆశ్వికునితోఁ గలహించి, దర్భలు విడిచి కత్తి పట్టి, పల్లవుల సరిహద్దు కావలివారిని గెలిచి, శ్రీపర్వతద్వారము నంటియున్న దుర్గమారణ్యమును ఆక్రమించి, బృహద్బాణాది రాజులచేఁ గప్పము గొనెను. చరిత్రకారులు ఈ కథను కదంబరాజ్య స్థాపనమునకు సాక్ష్యముగాఁ గ్రహించిరి. త్రోవ చరిత్రమునకు దీనివలన నేర్పడు విషయములు వేఱు. ఆ కాలమునకే శ్రీపర్వతపు అడవికి ద్వారము గలదను వాడుక యున్నది. అడవి యంచున రాజుల కావలివారుండిరి. ఆ యడవిని బట్టుకొనినవాఁడు చుట్టుపట్ల ప్రభువులచే ధనము రాఁబట్టఁగలిగెను. తరువాతి కాలమున నల్లమల త్రోవలపై సాగిన సుంకపు వ్యవహారమంతయు ఈ బీజమునుండియే మొలిచినట్లు తోఁచును.

ఇచ్చట నొక్క సంశయమును దాఁటిపోఁగూడదు. శ్రీపర్వతమను పేరు శ్రీశైలమునకొక్కదానికే చెల్లదు. క్రీ.శ. 3వ శతాబ్దమున ఇక్ష్వాకు రాజులు పాలించిన విజయపురి, అనఁగా నాగార్జునకొండ లోయ, తన శాసనములలో శ్రీపర్వతముననే యున్నట్లు చెప్పుకొనుచున్నది. విష్ణుకుండినులు తమ్ము శ్రీపర్వతస్వామి పాదానుధ్యాతులుగాఁ జెప్పుకొనిరి. ఆ స్వామి యే కొండవాఁడను విషయమున పండితులలో భేదాభిప్రాయములు గలవు. ఒక్క శిఖరమునకు గాక నల్లమల యుత్తరభాగమంతకును ఆ పేరు చెల్లుచుండెనని గ్రహించినచో వివాదము చాలవఱకు శమించును. మయూరశర్మ చొచ్చిన యడవి ఈ విశాలార్థమున శ్రీపర్వతారణ్యమే. అతఁడు నేఁటి ద్వారములలో నేదానిని దాఁటెనో నిర్ణయింపఁబూనుట మాత్రము సాహసము.

యాత్రికుల కాలినడకను తెలుఁగు సాహిత్యమునఁ గన్నులకుఁ గట్టినట్లు చూపినవాఁడు పాలకురికి సోమనాథుఁడు. పండితారాధ్యచరిత్రములోని పర్వతప్రకరణము శివరాత్రికి శ్రీశైలమునకుఁ దరలివచ్చు భక్తజనులను వర్ణించుచున్నది. పాటలు, ఆటలు, మ్రొక్కులు, వేషములు మొదలగు లౌకికవిషయములు అందుఁ గుప్పలుగా నున్నవి. కావ్యముగా దీనిని మెచ్చినవారు మెచ్చనివారు నుందురు గాని, దేశచరిత్రమునకు ఈ ప్రకరణమువంటి యాధారము మఱొకటి యరుదు. ఇందుఁ గనఁబడు యాత్ర రాజుల యాత్ర గాదు. గుంపులు గుంపులుగా నడచు సామాన్యజనుల యాత్ర. అంతకు ముందే 12వ శతాబ్దమున కన్నడదేశమునుండి అక్కమహాదేవి చెన్నమల్లికార్జునుని వెదకికొనుచు ఈ యడవికి వచ్చెను. కృష్ణాతీరమునఁ గల యొక గుహ నేఁటికిని ఆమె పేరనే పిలువఁబడుచున్నది. పశ్చిమపుఁ ద్రోవ కన్నడభక్తులచే నేఁటికిని విడువఁబడక యుండుటకు మూలము ఆ వీరశైవోద్యమమే.

రాజులు త్రోవకుఁ జేసిన యుపకారము సోపానములు. 1325 మొదలు 1353 వఱకు అద్దంకి రాజధానిగాఁ బాలించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును మెట్లు గట్టించెనని ప్రసిద్ధి. ఎఱ్ఱాప్రెగ్గడ హరివంశమును గృతినందిన ప్రభువు నితఁడే. కాకతీయ సామ్రాజ్యము 1323లో గూలిన యనంతరము క్రొత్తగాఁ దలయెత్తిన రెడ్లకు ఆంధ్రజనుల మన్నన యవసరము. చెడిన యగ్రహారములను నిలుపుటయు, దుర్గమక్షేత్రములకు మెట్లు గట్టించుటయు ఆ మన్ననకు మార్గములు. ఇది భక్తి గాదని చెప్పుట యన్యాయము. భక్తి యొక్కటే యనుటయు చరిత్రము గాదు. ఈ వంశీయుఁడే యగు అనవేమారెడ్డి 1377లో ఆలయమున వీరశిరోమండపమును గట్టించెను. వీరభక్తులు దేవునియెదుట శిరస్సులను నాలుకలను ఖండించుకొనిన తావది. విజయనగరప్రభువగు రెండవ హరిహరరాయల దేవి విఠలాంబ 1393లో కొండమీఁదినుండి పాతాళగంగకు, అనఁగా కృష్ణకు, మెట్లు గట్టించెను. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీటిని గెలిచిన పిమ్మట ఈ క్షేత్రమును సేవించి, రథవీథికి నిరుప్రక్కల మండపములు గట్టించెను.

వీరిలో నెవ్వరును అడవి పొడవునఁ బండ్లబాట వేయింపలేదు. బండి నడువరాని నిట్రపు ప్రక్కలలోఁ గాలు నిలుచుటకు మెట్లు గట్టించి, తక్కిన దారిని అడవికే విడిచిరి. ధనము లేక కాదు. అడవి నడుమ బండ్లబాట వేసినచో అది శత్రుసేనలకును బాటయగును. అదిగాక వెదురు పొదలు ఒక్క వానకాలములో దానిని మ్రింగివేయును. ఏఁటేఁట నఱకి తెఱపి చేయువాఁ డుండిననే బాట నిలుచును. ఆ పని యెవరిదో శాసనములు చెప్పవు.

పశ్చిమమార్గము ఆత్మకూరునుండి బయలువెడలి నాగలూటి, పెద్దచెఱువు, భీమునికొలను, కైలాసద్వారముల మీఁదుగా శ్రీశైలమును జేరును. ఈ మజిలీలను వరుసగాఁ బరిశీలించినచో త్రోవ నిర్మాణము తేటపడును. నాగలూటివద్ద మైదానము ముగిసి కొండ మొదలగును. అచ్చట వీరభద్రాలయ మున్నది. యాత్రికుఁడు మ్రొక్కుకొని మొదటి మెట్టెక్కు తావది. అచ్చటినుండి కొండమీఁది యడవిలో నడచి పెద్దచెఱువు చేరవలెను. పేరే చెప్పుచున్నట్లు అక్కడ నీరున్నది. నీరున్నది గావున చెంచుగూడె మున్నది. గూడెమున్నది గావున మజిలీ యేర్పడినది. అటుపిమ్మట భీమునికొలను. ఇది లోఁతైన లోయ. ఎక్కినంతయు దిగి, నీటిపట్టును జేరి, దిగినంతయు మరల నెక్కవలెను. మెట్లు మిక్కిలి యవసరమైన చో టిదియే, పూర్వులు ఱాతిమెట్లు పేర్చించిన చోటును ఇదియే. భీముఁడు గదతోఁ గొట్టఁగా నీరు వెలువడెనని జనులు చెప్పుకొనుట సహజము. ఆ యెక్కుడు ముగిసిన చోట నున్న ద్వారమునకు కైలాసద్వార మని పేరిడినవాఁడు తప్పక ఆ మెట్లెక్కి వచ్చినవాఁడే యైయుండును.

ఇటు చూచినచో మజిలీ లన్నియు నీటివెంట నడచుచున్నవి. త్రోవ వేసినది రాజు గాఁడు, జలము. ఆ జలముల జాడ నెఱిఁగినవారు చెంచులు.

ఐరోపీయులలో ఈ క్షేత్రమును దర్శించి వివరముగా వ్రాసిన తొలివారిలో కాలిన్ మెకంజీ ముఖ్యుఁడు. అతఁడు అప్పటికి కెప్టెను. 1794లో నల్లమలఁ జొచ్చి శ్రీశైలముఁ జూచి వ్రాసిన దినచర్యభాగము 1798లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీవారి పరిశోధనసంపుటములలో ఐదవదానియందుఁ బ్రకటితమైనది. అందాతఁడు క్షేత్రమునకుఁ బెట్టిన పేరు పర్వతము అను తెలుఁగుమాటయే. మనవారు శ్రీశైలము ననక పర్వతమని యూరక పిలుచు వాడుక సోమనాథుని ప్రకరణనామమునందును ఇతని యాంగ్లరచనయందును ఒక్కరీతిగా నిలిచియుండుట గమనింపఁదగినది. ప్రాకారపు గోడమీఁద వరుసలు వరుసలుగాఁ జెక్కిన శిల్పములు అతని నాశ్చర్యపఱచినవి. ఏనుఁగులు, గుఱ్ఱములు, వేఁట, పురాణకథలు నిండిన ఆ గోడ యొక్కటే యాత్రికునకు గ్రంథాలయము.

మెకంజీ చూచినది సర్వేక్షకుని చూపు. ముప్పదియాఱేండ్లకుఁ బిమ్మట వచ్చిన ఏనుఁగుల వీరాస్వామయ్యది గృహస్థుని చూపు. ఇతఁడు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసి. 1830 మే 18వ తేదీని కాశీయాత్రకు బయలువెడలి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. దారిపొడవునను స్నేహితుఁడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లెకు లేఖలు వ్రాయుచుండెను. ఆ లేఖలే 1838లో కాశీయాత్రచరిత్ర మను పేర అచ్చుపడినవి. కడప, అహోబలముల మీఁదుగా వచ్చి ఆత్మకూరి మార్గమున ఇతఁడు శ్రీశైలమున కెక్కెను. ఏ మజిలీలో నీరు మంచిది, ఎచ్చట దిగుటకు వసతి గలదు, ఎచ్చట సామగ్రి దొరకును, ఎవ్వరికి నేమి యియ్యవలెను అను విషయములు అతనికిఁ బ్రధానములు. శైలి వ్యావహారికమగుటచే పూర్వపండితులు కొందఱు ఈ గ్రంథమును చిన్నచూపు చూచిరి. వారు విడిచినదే చరిత్రకారునకు బంగారము. ఒక యాత్రికునివలన రాజ్యమునకుఁ గలుగు నాదాయ మెట్టిదో తెలుఁగున లెక్క చెప్పిన తొలిగ్రంథములలో నిది యొకటి.

ఆనాఁడు శ్రీశైలము కందనూరు నవాబు నధీనమున నుండెను. యాత్రికులవద్ద హాసీలు, అనఁగా సుంకము, వసూలగుచుండెను. దేవునకు దక్షిణ, నవాబునకు హాసీలు, డోలీ మోయువారికిఁ గూలి, దారిచూపు చెంచులకు మామూలు: ఒక్క యాత్రలో ఇన్ని చేతులకుఁ బైకము చేరుచుండెను. మయూరశర్మ కాలమున అడవిని బట్టుకొనినవాఁడు రాజులచేఁ గప్పము గొనెను. నవాబుకాలమున మైదానమునందలి ప్రభువు అడవిఁ జొచ్చువానిచే సుంకము గొనెను. ధనము పాఱిన దిక్కు తలక్రిందైనది. ఈ మార్పునందే చెంచులు కోలుపోయిన యధికారపు చరిత్రమంతయు నడఁగియున్నది.

చెంచుల విషయము కొంత విస్తరించి చెప్పవలెను. మల్లికార్జునుఁడు వేఁటకు వచ్చి చెంచుకన్యను వరించెనని వారి కథ. అందుచే నతఁడు వారికి చెంచుమల్లయ్య, ఇంటియల్లుఁడు. నల్లమల దక్షిణభాగమున అహోబలనరసింహుఁడు చెంచులక్ష్మిని బెండ్లాడెనని మఱొక కథ. ఒకఁడు శివుఁడు, ఒకఁడు విష్ణువు. ఇరువురును చెంచులకు అల్లుండ్రే. మతభేదము నతిక్రమించిన యీ సామ్యము యాదృచ్ఛికము గాదు. పరదేశమునుండి వచ్చిన దేవుఁడు గాని, వాని పూజారి గాని, వాని భక్తుఁడు గాని అడవిలో నిలువవలెనన్నచో చెంచులతో సంబంధము గలుపుకొనక తప్పదు. ఆ సంబంధము రాజుల లోకమునఁ దామ్రశాసనముచే నేర్పడును. అడవిలోఁ బెండ్లికథచే నేర్పడును. అల్లునియింటికి వచ్చు చుట్టములను గాచి తోడ్కొనిపోవుట మామగారి ధర్మము. అందులకు ఆ చుట్టములిచ్చు కట్నము వారి హక్కు. ఇట్లు చదివినచో ఆ కథ వట్టి పుక్కిటిపురాణము గాక, త్రోవపైఁ జెంచులకుఁ గల స్వామ్యమునకు పత్రమే యగుచున్నది. ఆలయోత్సవములలోను, రథసేవలోను వారికిఁ బూర్వమునుండి కలిగిన పాలు ఆ పత్రమునకు వ్రాలు.

పూర్వరాజ్యములలో కొండకనుమల కావలి వారిదిగానే యుండెను. 1839లో ఈస్టిండియా కంపెనీవారు నవాబు గులాం రసూల్ ఖానుని పదభ్రష్టునిఁ జేసి కందనూరును గైకొనిరి. 1858లో అది జిల్లా యైనది. క్రొత్త దొరతనమువారును మొదట చెంచులను కనుమల కావలికి జీతమునకే పెట్టుకొనిరి. అనఁగా త్రోవకు వారే రక్షకులని పరోక్షముగా నంగీకరించిరి. 1882 నాఁటి మద్రాసు అటవీచట్టముతో విధము మాఱినది. నల్లమల రక్షితారణ్య మయ్యెను. అడవి సర్కారు సొత్తయ్యెను. నిన్నటి కావలివాఁడు తేనె తీయుటకును, వెదురు గొట్టుటకును, మేఁకను మేపుటకును అనుమతి యడుగవలసినవాఁ డయ్యెను. కొందఱు అధికారుల వ్రాఁతలలో చెంచులు దారిదోపిడిగాండ్రుగాఁ జిత్రింపఁబడిరి. దోపిడులు జరుగలేదనరాదు. కాని తరతరములుగా వచ్చుచున్న దారిమామూలును ఒకనాఁడు చట్టము దొంగతనమని పిలిచినప్పుడు, ఇచ్చువాఁ డీయ నొల్లఁడు, పుచ్చుకొనువాఁడు మాన నొల్లఁడు; ఆ పెనుగులాటలో నెంత దోపిడియో యెంత పాతహక్కో వేఱుచేసి చూచుట విమర్శకుని విధి. కృష్ణకుత్తరమున నిజాము రాజ్యమందలి అమరాబాదు చెంచుల జీవనమును 1940 ప్రాంతమునఁ బరిశీలించి, ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ పండితుఁడు 1943లో ఆంగ్లమున నొక గ్రంథమును వెలువరించెను. గడ్డలు త్రవ్వుకొని, తేనె తీసికొని, పెంటలలోఁ జిన్నగుంపులుగా నివసించు వారి బ్రదుకునకు అది విలువైన యాధారము.

ఉత్తరపుఁ ద్రోవ చరిత్రము కొంత చీఁకటిగా నున్నది. ఉమామహేశ్వరమునుండి మన్ననూరు, అప్పాపురముల ప్రాంతపు టడవి దాఁటి కృష్ణకు దిగి, మరల కొండ యెక్కుట ఈ మార్గపు తీరు. దారిప్రక్కఁ బ్రతాపరుద్రుని కోటయని పిలువఁబడు శిథిలదుర్గ మొకటి కలదు. పేరు జనవాక్యము; గోడలు మాత్రము ఈ కనుమకుఁ గావలి యవసరమయ్యెనని నిశ్చయముగాఁ జెప్పుచున్నవి. చైత్రపూర్ణిమకు లోయలోని సలేశ్వరలింగమయ్య జాతరకు జనులు నేఁటికిని ఱాళ్లపై దిగి పోవుచున్నారు. ఫరహాబాదు శిఖరము నిజాముకాలమున వేఁటకు విడిదియైనది.

19వ శతాబ్దము చివరి పాదమున గుంటకల్లునుండి బెజవాడకు వేసిన యినుపదారి నల్లమలను నందికనుమవద్దఁ జీల్చుకొనిపోయెను. అంతట తూర్పుమార్గము ప్రబలినది. మార్కాపురమురోడ్డు స్టేషనులో దిగి దోర్నాల మీఁదుగా నడచుట యాత్రికులకు సుకరమయ్యెను. 1950 తరువాతి దశాబ్దములలో ఆ దోర్నాల త్రోవయే కొండదారిగా మోటారులకు ననుకూలపఱపఁబడినది. 1963 జూలై 24వ తేదీని జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలము జలాశయమునకు శంకుస్థాపన చేసెను. ఆనకట్టకు ఇనుము, సిమెంటు చేరవలెను గావున బాటలు విస్తరించెను. లింగాలగట్టుకడ కృష్ణపై వంతెన యేర్పడెను. హైదరాబాదునుండి మన్ననూరు, దోమలపెంటల మీఁదుగా వచ్చు ఉత్తరమార్గము రాజమార్గమయ్యెను. వేయేండ్లు ప్రభువులు చేయనొల్లని పనిని విద్యుచ్ఛక్తి యవసరము కొలఁదిపాటి కాలములోఁ జేయించెను.

ఆ జలాశయమే పాతత్రోవలను కొన్నింటిని మ్రింగినది. కృష్ణాతుంగభద్రల కూడలినుండిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును ఱాయి ఱాయిగా విప్పి యలంపురమునకుఁ దెచ్చి మరల నిలిపిరి. నివృత్తిసంగమమందలి సంగమేశ్వరుఁడు ఏఁటిలోఁ బెక్కుమాసములు నీట మునిఁగి, వేసవిలోఁ దేలుచున్నాఁడు. అంతకు ముందే నాగార్జునసాగరము విజయపురి లోయను ముంచియుండెను. వీరాస్వామయ్య మజిలీలను నేఁడు వెదకువారికి కొన్ని చోటుల నేల గాక నీరే కనఁబడును.

1978లో ఈ యరణ్యము వన్యప్రాణులకు అభయారణ్యముగాఁ బ్రకటింపఁబడి, 1983లో పులులసంరక్షణప్రణాళికలోఁ జేర్పఁబడినది. నాగార్జునసాగరశ్రీశైల వ్యాఘ్రసంరక్షణారణ్యము 3,568 చదరపు కిలోమీటర్ల వైశాల్యముతో దేశమున నన్నిటికంటె పెద్దదిగా నుండెను. 2014లో రాష్ట్రవిభజనము జరిగినపిమ్మట కృష్ణకుత్తరభాగము తెలంగాణమున అమరాబాదు పేర వేఱైనది. అడవిదారులయందు రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు బండ్లను విడువరు. పూర్వము చీఁకటి పడినచో యాత్రికుఁడు పులికి వెఱచి మజిలీలో నాఁగెడివాఁడు; ఇప్పుడు పులికి బండివలన నపాయము గలుగునని ఆఁపుచున్నారు. ఈ నిషేధము న్యాయమైనదే. న్యాయవిచారణ యవసరమైనది వేఱొకటి. పులులకై లోపలి పెంటలనుండి చెంచులను వెలికిఁ దరలింపవలెనను ప్రయత్నములు అప్పుడప్పుడు పైకి వచ్చుచున్నవి. 2006 నాఁటి అటవీహక్కుల చట్టము అడవియందు నివసించువారి పూర్వస్వామ్యమును గుర్తించుచున్నది. కాని ఆ స్వామ్యమునకు సాక్ష్యము చూపవలెను. శాసనమున నెక్కనివారి సాక్ష్యము ఎందుండును? మజిలీల పేళ్లలో, దారిమామూలు లెక్కలలో, కనుమకావలి జీతపుఁ బద్దులలో, వీరాస్వామయ్య వంటివారి లేఖలలో, అల్లుని పెండ్లికథలో నున్నది. దానిని గూర్చి యొక్కచోటఁ బ్రకటించుట సాహిత్యపరిషత్తులకుఁ దగిన కార్యము.

పాతత్రోవ చచ్చిపోలేదు. ఏఁటేఁట ఉగాదికిముందు కర్ణాటమహారాష్ట్రములనుండి వేలకొలఁది భక్తులు ఆత్మకూరు చేరి, మోటారుబాటను విడిచి, వెంకటాపురము, నాగలూటి, పెద్దచెఱువు, భీమునికొలను, కైలాసద్వారముల వరుసనే కాలినడకను బోవుచున్నారు. భ్రమరాంబ తమ యింటి యాఁడుబిడ్డ యని వారి నమ్మకము. పుట్టినింటివారు తెచ్చునట్లు చీరయు సారెయుఁ దెచ్చుచున్నారు. ఆ కొలఁదిదినములు అటవీశాఖవారు ఆ మార్గమును దెఱచి, దారిపొడవున నీటి యేర్పాటులు జరుగఁగా చూచుచున్నారు. మెట్లు అరిగినవి, కొన్ని చోటులఁ గదలినవి. పెద్దచెఱువువద్ద రాత్రి దిగువారికి గూడెమందలి చెంచులే నేఁటికిని దారి చెప్పుచున్నారు.